పసుపు నిలవని చీర

బట్టలు పాడు చేయడం నా మొదటి ఉద్యోగం. చెప్తే నవ్వుతారు గానీ నిజంగా అదే పని. పొద్దున వెళ్ళగానే తెల్ల గుడ్డముక్కలు తీగకు వరసగా తగిలించాలి. ఒకదాని మీద కాఫీ, ఇంకోదాని మీద చింతపులుసు, మరోదాని మీద సిరా, చివరిదాని మీద తాంబూలం నమిలి ఉమ్మిన ఎర్రనీళ్ళు పోయాలి. ఏది జారిపోయిందో, ఏది అంటుకుందో చూసి చెప్పాలి. తాంబూలం నమిలే బాధ్యత మాత్రం నాది కాదు. దానికి వేరే మనిషి ఉండేవాడు.

మా మనవరాలు, దాని స్నేహితులు కలిసి ఈమధ్య ఏదో స్టార్టప్ పెట్టారు. మొన్న ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూచుంది. "వస్తువు బ్రహ్మాండంగా ఉందమ్మమ్మా, జనానికే అర్థం కావడం లేదు" అంది. ఆ మాట నేను ఇంతకు ముందు ఒకసారి విన్నాను. సోమందేపల్లెలో, ఒక పెళ్ళింట్లో, నేను ఎంతో గౌరవించే మనిషి నోట విన్నాను. ఆ కథ దానికి చెప్పాను. మిగతా పిల్లలకు కూడా పనికొస్తుందేమోనని ఇప్పుడు రాస్తున్నాను.

అరవైల మొదట్లో మాట. రాయదుర్గంలో మూతబడిన ఒక జిన్నింగ్ మిల్లు వెనక రేకుల షెడ్డు ఉండేది. దాన్ని అద్దెకు తీసుకున్నాయన బొంబాయిలో పెద్ద బట్టల మిల్లులో రసాయనాల పని నేర్చుకున్నవాడు. ఉన్న ఉద్యోగం వదిలేసి సొంత ఊరికి వచ్చేశాడు. పెళ్ళి చేసుకోలేదు. మేమంతా సారు అనేవాళ్ళం. మన నూలుకూ మన పట్టుకూ సాటి లేదనీ, మరక ఒక్కటే వాటికి శత్రువనీ ఆయన నమ్మకం. ఇంకో కారణం కూడా చెప్పేవాడు. "మన సీమలో తాగడానికే నీళ్ళు లేవు. బట్టకు మరక పట్టకపోతే ఉతుకు తగ్గుతుంది, ఉతుకు తగ్గితే నీళ్ళు మిగుల్తాయి" అనేవాడు.

ఆ మాట నాకు వెంటనే తలకెక్కింది. మాది చాకలి ఇల్లు. మా అమ్మ ఎండాకాలంలో వంక ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు చెంబుతో తోడి, ఊరి బట్టలు ఉతికేది. నన్ను హాస్టల్లో పెట్టి పీయూసీ దాకా చదివించింది. ఉద్యోగం దొరికిందని చెప్పిన రోజు ఆమె అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"నేను పుట్టినప్పట్నుంచీ మరకలు తీస్తాండా. నువ్వు ఇంత చదువు చదివి మరకలేసే పనికి పోతావా? నీకు జీతమిచ్చేటోనికి మతి ఉండాదా?"

"మరకలే పట్టకపోతే నీ పనేం గానమ్మా?" అని పక్కింటామె ఎగతాళి చేస్తే, అమ్మ తొణక్కుండా "మరక పోతే పోనీ. మురికి యాడికి పోతాది?" అంది.

షెడ్డులో మూడో మనిషి డేరా మామ. ముస్లిముల ఇంటి ముసలాయన. పెళ్ళిళ్ళకూ ఉరుసులకూ డేరాలు కుట్టడం వాళ్ళ వంశం పని. వాన దిగకుండా డేరా గుడ్డకు మైనం పట్టించడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. సారు అందుకే వెతుక్కుంటూ పోయి పిలుచుకొచ్చాడు. పెద్ద గంగాళంలో మైనం, ఆముదంతో చేసిన సబ్బు కలిపి కాచేవాళ్ళు. గుడ్డను అందులో ముంచి, పిండి, పటిక నీళ్ళలో మళ్ళీ ముంచి, ఆరబెట్టి ఇస్త్రీ చేసేవాళ్ళు. దాంతో పోగు పోగుకీ కంటికి కనపడని పొర పట్టేది. నీళ్ళు పోస్తే తామరాకు మీద లాగా బొట్లు బొట్లుగా జారిపోయేవి. సారు పాళ్ళు చెప్పేవాడు, మామ ముంచేవాడు, నేను పాడు చేసేదాన్ని. తాంబూలం నమిలేది మామే. దానికి ఆకూ వక్కా కంపెనీ ఖర్చు. "జిందగీలో ఇంత మంచి నౌకరీ దొరకలేదు బేటీ" అని మురిసిపోయేవాడు.

మొదటి ఏడాది మేము చేసిన తప్పులకు లెక్కలేదు. ఒకటి మాత్రం చెప్పాలి. ఊళ్ళో ఒక హోటలాయన తెల్లటి మేజాగుడ్డలు చేసిమ్మన్నాడు. మాకు అదే తొలి ఆర్డరు. ముంచి, షెడ్డు బయట తీగల మీద ఆరేశాం. తడి ఇంకా ఆరలేదు, కొండ వైపు నుంచి గాలి లేచింది. మా గాలి సంగతి మీకు తెలుసు కదా, పొలాల్లోని ఎర్రమన్నంతా ఎత్తుకొచ్చి మొహాన కొడుతుంది. పరుగెత్తేలోపే గుడ్డలన్నీ లేత ఎరుపెక్కాయి. ఆరాక ఎంత ఉతికినా పోలేదు. మరక పట్టనివ్వని మందే మరకను కడుపులో దాచుకుని కాపాడింది.

సారు తల పట్టుకుని గట్టు మీద కూచున్నాడు. మామ ఒక గుడ్డ ఎత్తి ఎండకు పట్టి చూసి, "సాబ్, గులాబీ రంగు మంచిగుండాది. ఇదే రంగు కావాలని ముంచినామని చెప్పేస్తాం" అన్నాడు. సారు ఒప్పుకోలేదు. హోటలాయన దగ్గరికి తానే పోయి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన గుడ్డలు తిప్పి చూసి, "ఇంగ మేలే గదప్పా. మా హోటల్లోకి వచ్చే మన్నంతా ఇదే రంగు. పడినా కనపడదు" అని అన్నీ తీసుకున్నాడు. ఆ రోజు సారు మా ఇద్దరికీ అదే హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జి పెట్టించాడు.

పట్టు మా సారుకు నిజమైన పరీక్ష. మైనం ఎక్కువైతే పట్టు మెరుపు చచ్చిపోయేది. తక్కువైతే మరక దిగేది. ఎన్ని ముక్కలు చెడగొట్టామో! చివరికి ఒకనాడు మెరుపు మెరుపుగానే ఉండి, కాఫీ జారిపోయింది. సారు గుడ్డముక్కను మడిచి జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. కనపడినవాడికల్లా నీళ్ళు పోసి చూపించాడు.

ఆ కబురు సోమందేపల్లె పట్టుచీరల వ్యాపారి దాకా పోయింది. ఆయన మగ్గాల వాళ్ళకు పట్టునూలిచ్చి నేయించే మనిషి. ఒకనాడు కూతుర్ని వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చాడు. ఆ పిల్లకు పెళ్ళి కుదిరింది. వెన్నరంగు పట్టు మీద ఎర్రంచు చీర ముహూర్తానికి నేయించాడట. లేత రంగు, అందులోనూ పెళ్ళి. ఏ చెయ్యి తగిలి ఏ మచ్చ పడుతుందోనని ఆయన దిగులు. నేను ఒక పట్టుముక్క చేతికిస్తే, ఆ పిల్ల తన గ్లాసులోని కాఫీ దాని మీద గుమ్మరించింది. బొట్టు మిగల్లేదు. "నాయనా, సూడు!" అని చిన్నపిల్లలాగా ఎగిరింది.

వ్యాపారి మాత్రం మాట తూచి మాట్లాడే మనిషి. "చూడప్పా. పెండ్లిలో బంతి భోజనాలయ్యేంత వరకూ నా బిడ్డ చీరకు మచ్చ పడకుంటే, నా మగ్గాల చీరలన్నీ నీ దగ్గరికే పంపిస్తా. పడిందంటే మళ్ళా నాకు మొగం చూపియ్యొద్దు" అన్నాడు.

అప్పటికి రెండేళ్ళుగా వానల్లేవు. జనం బట్టలే కొనడం లేదు, కొన్న బట్టకు మందేం వేయిస్తారు? ఈ వ్యాపారి చీరలు రాకపోతే ఎండాకాలానికి షెడ్డు మూయక తప్పదని మాకు ముగ్గురికీ తెలుసు. సారు మళ్ళీ బొంబాయి రైలెక్కాలి. మామ డేరాలకు, నేను ఇంటికి. అందుకే వ్యాపారి "ముహూర్తం చీరొక్కటే ఏల, పెండ్లి చీరలన్నిటికీ ఎయ్యి" అంటే, సారు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

పెళ్ళి మాఘమాసంలో. ముగ్గురం బస్సులు మారి సోమందేపల్లె చేరాం. చీర ఎలా మడవాలి, ఎలా కట్టాలి, ఇస్త్రీ పెట్టె ఎక్కడ తగలకూడదు, ఇవన్నీ ఆడవాళ్ళకు చెప్పడానికి నన్ను పెళ్ళికూతురి గదిలోకి పంపారు. సారూ మామా గుమ్మం బయట వసారాలో కూచున్నారు. సారు కొత్త పంచె కట్టి, తన పెళ్ళే అయినట్టు హడావిడిగా ఉన్నాడు.

పెళ్ళికూతురికి తలంటు అయింది. చీర తెచ్చి పీట మీద పెట్టారు. వ్యాపారి తల్లి, అందరూ అవ్వ అని పిలిచే పెద్దావిడ, పసుపు తడిపి గిన్నెలో పట్టుకొచ్చింది. కొత్త బట్ట కట్టే ముందు మూలన పసుపు పెట్టడం మనందరికీ ఉన్న అలవాటే. అవ్వ చీర చెంగు మూల చేతిలోకి తీసుకుని, వేలితో పసుపు ముంచి అద్దింది.

పసుపు నిలవలేదు. గోళీలాగా గుండ్రంగా అయి, మూల మీంచి దొర్లి కింద గచ్చు మీద పడింది.

అవ్వ కళ్ళు నలుపుకుని మళ్ళీ అద్దింది. మళ్ళీ దొర్లింది. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. ఏడాదికి పైగా దేశంలో ఉన్న మరకలన్నీ పోసి చూశాను. పసుపు కూడా పోశాను, జారిపోయిందని సంబరపడ్డాను. ఇలాంటి రోజు ఒకటి వస్తుందని నాకు తట్టనే లేదు.

అంతలో గుమ్మం దగ్గర నుంచి సారు గొంతు ఖంగుమని వినిపించింది. "చూశారా? పసుపే నిలవలేదు! పసుపు అన్నిటికంటే మొండి మరక. అదే నిలవలేదంటే ఇంక ఏదీ నిలవదు!"

అవ్వ ఆయన వైపు చూసిన చూపు నేను మర్చిపోను. "ఏమప్పా, నీకు ఆడబిడ్డలు లేరా? పసుపు నిలవని చీర కట్టుకోని నా మనవరాలు పీటల మీద కూచుంటాదా?" అంది. అని కొంగు నోట్లో కుక్కుకుంది.

"వేరే చీర తీయండి" అని ఎవరో అన్నారు. పెట్టె తెరిచారు. రెండో చీరకు అద్దారు, జారింది. మూడో చీర కూడా అంతే. మేము ఒక్కటి వదలకుండా అన్నిటికీ మందు వేశాం కదా! ఒక్కో చీరా తీసి అద్దుతూ పోతుంటే పసుపు ఉండలు గచ్చంతా దొర్లుతున్నాయి. ఒకామె ఏడుపు మొదలుపెట్టింది. బయట మేళం వాళ్ళు సన్నాయి సరిచూసుకుంటున్నారు. వ్యాపారి లోపలికి వచ్చి గచ్చు చూశాడు.

సారుకు ఇంకా అర్థం కాలేదు. "వస్తువు ఇంత బాగా పని చేస్తుంటే వీళ్ళకు అర్థం కాదేం?" అని మామతో అంటున్నాడు. నేను మొదట్లో చెప్పిన మాట అదే. మామ ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"సాబ్, వాళ్ళకు మరక కావల్ల."

"ఏంటీ?"

"మరక కావల్ల సాబ్. ఈ ఒక్కటీ కావల్ల. అది లేకుంటే పెండ్లే లేదు."

సారు గచ్చు మీది పసుపు ఉండల వైపు చూశాడు. తర్వాత ఆయన మొహంలో రంగులు మారాయి. సిగ్గో, భయమో, రెండూనో. కానీ మా సారులో ఒక గుణం ఉంది. తెలియనంతసేపే మొండి. తెలిసిందంటే క్షణం ఆగడు. నేరుగా అవ్వ ముందుకు వచ్చి చేతులు జోడించాడు. "అమ్మా, తప్పు మాది. మూల ఒక్కటి విడిపిస్తాను. పసుపు పట్టేలా చేస్తాను. కొంచెం నిమ్మకాయలు, వేడినీళ్ళు, ఇస్త్రీ పెట్టె ఇప్పించండి" అన్నాడు.

"చేసింది చాలు. ఆ చీర మళ్ళా ముట్టుకోవద్దు" అన్నాడు వ్యాపారి.

అప్పటిదాకా తడిజుట్టుతో మూలన కూచున్న పెళ్ళికూతురు లేచింది. "నాయనా, ఆ చీర నాది. నాకు అదే కావల్ల. వాళ్ళను చెయ్యనీ" అంది. అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎవరింటి పిల్లవే నువ్వు?" అని అడిగింది. మాది చాకలి ఇల్లని చెప్పాను. ఆవిడ మరో మాట లేకుండా చీర తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పీయూసీ చదివానని చెప్పినా అంత తొందరగా ఇచ్చేది కాదేమో. ఆ గడియలో దాని గురించి బాధపడే తీరిక లేదు. తర్వాత మాత్రం ఆలోచించాను.

నిప్పులు పోసిన ఇస్త్రీ పెట్టె తెచ్చారు. సారు పక్కనే కూచుని తన కొత్త పంచె కొసలు చాపితే, చెంగు మూలను వాటి మధ్య పెట్టి వేడి చేశాను. ఇంకో శుభ్రమైన గుడ్డ దొరకలేదు మరి. మైనం కరిగి పంచెలోకి దిగింది. తర్వాత సారు నిమ్మరసం వేడినీళ్ళలో పిండి ఇస్తే, మూల మాత్రం అందులో నానబెట్టి వేళ్ళతో మెల్లగా నలిపాను. మిగతా చీర తడవకుండా మామ రెండు చేతులా ఎత్తి పట్టుకుని, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళ గదిలోకి వచ్చినందుకు అలా మర్యాద పాటించాడన్నమాట. విసనకర్రలతో విసిరి ఆరబెట్టాం. అవ్వ పసుపు అద్దింది. సగం నిలిచి, సగం జారింది.

"ఇంకోసారి" అన్నాడు సారు. ఆయన నుదుటి మీద చెమట ధారలు కడుతోంది. మళ్ళీ ఇస్త్రీ, మళ్ళీ నిమ్మరసం. బయట పురోహితుడు "అమ్మాయిని తీసుకురండి" అని పిలుస్తున్నాడు. అవ్వ పసుపు అద్ది, వేలు తీసి చూసింది.

నిలిచింది. పచ్చగా, గుండ్రంగా, చుట్టూ కొంచెం పోగుల్లోకి పాకి నిలిచింది. జీవితంలో నేను చూసిన మరకలన్నిటిలోకీ అందమైనది అదే. పెళ్ళికూతురు నన్ను కావలించుకుంది, నా చేతుల నిమ్మరసమంతా ఆమె రవికెకు అంటింది. దానికి మందు వేయలేదు.

మధ్యాహ్నం బంతిలో వడ్డించేవాడి చెయ్యి జారి, పెళ్ళికూతురి ఒళ్ళో గరిటెడు రసం పడింది. అందరూ అయ్యో అన్నారు. ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒక్కసారి దులిపింది. రసం విస్తరి పక్కన పడింది, చీర వెన్నలాగా ఉంది. వ్యాపారి తింటున్నవాడల్లా లేచి వచ్చి, ఎంగిలిచేత్తోనే కుచ్చిళ్ళు ముట్టుకోబోయి, నాలిక కరుచుకుని, ఎడమచేత్తో తడిమి చూశాడు. మేం బయల్దేరేటప్పుడు సారుతో "చీరలు పంపిస్తాలేప్పా" అన్నాడు. అంతే. ఆయనకు అంతకంటే పొగడటం రాదు.

తిరుగు బస్సు ఎక్కాం. సారు మైనం మరకల పంచె కట్టుకుని కిటికీలోంచి ఎండిన పొలాలు చూస్తున్నాడు. పెనుకొండ దాటాక ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఉండాల్సిన మరకలు ఇంకా ఏమేం ఉన్నాయి?"

నేను ఆలోచించేలోపే ముందు సీటులోని ఒక ముసలి రైతు తల తిప్పాడు. "ఏం సామీ, మరకల లెక్క?" అన్నాడు. మామ కథంతా చెప్పాడు, కొంచెం మసాలా కలిపే చెప్పాడు. బస్సంతా చెవులప్పగించింది. "పిల్లోడు బడికి పోయినాడో ల్యాదో సొక్కా మీద సిరా సూసి కనిపెడతా. అది పోగొట్టొద్దు" అంది ఒకామె. రైతు తన పంచె చూపించి, "ఇంట్లో నాకు ఇదే సాక్షి. ఎర్రమన్ను అంటకపోతే చేనికి పోయినానంటే మా ముసల్ది నమ్మదు. రచ్చకట్ట మీద కూచోనుంటివంటాది" అన్నాడు. కండక్టరు కూడా నవ్వాడు. సారు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆయన అలా నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత మా షెడ్డుకు వచ్చిన ప్రతి చీరకూ ఒక మూల ముంచకుండా వదిలేవాళ్ళం. ఆ మూలను మడిచి తాడుతో గట్టిగా కట్టే పని మామ తప్ప ఎవరూ చేయకూడదు. బిస్మిల్లా అని కట్టేవాడు. కొన్నాళ్ళకు చీర కొనేవాళ్ళే అంగడిలో "పసుపు మూల యాడుంది?" అని అడగడం మొదలుపెట్టారు. కొందరు అది మా కంపెనీ గుర్తు అనుకున్నారు. సారు కాదనలేదు.

అలా కొన్నేళ్ళు బాగానే నడిచింది. తర్వాత నైలాన్ చీరలు, టెరిలిన్ బట్టలు బస్తాల్లో దిగాయి. ఉతకడం తేలిక, ఇస్త్రీ అక్కర్లేదు, ధర తక్కువ. వ్యాపారి కూడా ఏం చేస్తాడు, మగ్గాలు సగం ఆపేశాడు. అరవైల చివర్లో ఒక ఎండాకాలం సారు షెడ్డు మూసేస్తున్నానని చెప్పాడు. ఆయనకు ఉత్తరాదిన ఒక మిల్లులో ఉద్యోగం వచ్చింది. నాకు అనంతపురంలో ఒక కాలేజీ ల్యాబులో పని చూసి పెట్టాడు, అక్కడే రిటైరయ్యాను.

ఆఖరి రోజు గంగాళాలు తోమి బోర్లించి, ముగ్గురం గట్టు మీద కూచుని టీ తాగుతున్నాం. నాకు ఎప్పటి నుంచో ఒక అనుమానం. "సార్, మీ చొక్కాలకు ఒక్కసారైనా ఈ మందు వేసుకోలేదేం?" అని అడిగాను.

సారు టీ గ్లాసులోకి చూస్తూ ఒప్పుకున్నాడు. "వేసుకున్నానమ్మాయ్. మొదట్లోనే. అది తొడుక్కుని ఎండలో స్టేషన్ దాకా నడిచాను. లోపలి చెమట బయటికి పోదు, బయటి గాలి లోపలికి రాదు. కళ్ళు తిరిగి ప్లాట్‌ఫారం మీద పడుకున్నాను. ఈ ఎండల్లో మనిషి తొడుక్కునే బట్ట కాదని ఆ రోజే తెలిసింది."

చొక్కాల ఆర్డర్లు ఎవరు తెచ్చినా ఆయన ఎందుకు వద్దనేవాడో నాకు అప్పుడు అర్థమైంది. "మరి మాకెందుకు చెప్పలేదు సార్?"

"చెప్పుంటే మరుసటి రోజు మీరిద్దరూ పనిలోకి వచ్చేవాళ్ళా?"

మామ నోట్లోని తాంబూలం పక్కకు ఉమ్మి, మూతి తుడుచుకుని, తలెత్తి పైనున్న రేకులు చూపించాడు.

"వచ్చేవాళ్ళం సాబ్. ఈ రేకుల కింద మాత్రం ఊపిరాడిందా? అయినా దినామూ వస్తిమి గదా."